కామెర్లొస్తే పాలు ఆపొద్దు

పసిబిడ్డకు కామెర్లొస్తే మన తండాల్లో ముందు తల్లిపాలు ఆపుతారు. పులివెందుల పక్కన మా తండాలో మా అక్క బిడ్డకు మూడోరోజు కండ్లు పచ్చబడితే మా అవ్వ అదే చేయబోయింది. "పాలు పడలేదు, చక్కెరనీళ్లు పోయండి, పసరు నేను తెస్తా" అని. ప్రొద్దుటూరు హాస్టల్ నుంచి వచ్చిన నేనూ, ఆశా అక్కా అడ్డం పడినాం. అవ్వ నాతో రెండు రోజులు మాట్లాడలా.

పచ్చదనం తెచ్చేది బిలిరుబిన్. అది ఎక్కువగా దొడ్డిలోనే బయటికి పోతుంది. పాలు కడుపునిండా తాగితేనే బిడ్డ దొడ్డికి పోయేది. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాల. మనోళ్లు పిండి పారబోసే ముర్రుపాలే ఆ మొదటి నల్లదొడ్డిని బయటికి తోసేది.

రెండో మూడో రోజు వచ్చి రెండు వారాల్లో తగ్గేవి మామూలువి, అయినా ఒకసారి చూపించాల. పుట్టిన 24 గంటల్లోపే వచ్చినా, అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ లేపినా పాలు తాగకున్నా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పులివెందులో, జమ్మలమడుగో, ప్రొద్దుటూరో, దగ్గరున్న పెద్దాసుపత్రికి పోండి. ముదిరితే మెదడు దెబ్బతింటుంది, చెవుడు కూడా వస్తుంది. నీలి లైటు కింద పెట్టినా మధ్యమధ్యలో పాలు పట్టొచ్చు. ఎండలో పెట్టడం దానికి బదులు కాదు.

మన బిడ్డల రంగుకు పచ్చదనం తొందరగా కనపడదు. పగటి వెలుతురులో ముక్కు మీద వేలితో అదిమి వదిలి చూడండి, చిగుళ్లు కూడా.