ఇరవై ఆరేళ్ళ బెంచి

పోయిన నవంబరులో నేను ఇంగ్లండులో ఉన్నాను. మిడిల్స్‌బరోలో క్లయింటు పని. ఓ శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేసి "ప్రాజెక్టు క్లోజ్ చేస్తున్నారు సార్, నెలాఖరుకి మీరు బెంచి మీదకొస్తారు" అన్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, పాపం మర్యాదగానే చెప్పాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో బెంచి అంటే ఏంటో మీకు విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా. మర్నాడు రూములో కూర్చోబుద్ధి కాక రైలెక్కి హార్టిల్‌పూల్ వెళ్ళాను. అక్కడ పాత యుద్ధనౌక ఒకటుందని తెలుసు. అది మన బొంబాయిలో కట్టిందని మాత్రం తెలీదు.

ఓడ పేరు హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ. మూడు తెరచాప కొయ్యల ఫ్రిగేట్. 1812లో ఆర్డరిచ్చారు. అప్పుడు నెపోలియన్‌తో యుద్ధం, దానికి తోడు అమెరికాతో ఇంకో యుద్ధం. ఇంగ్లండులో ఓడలకి పనికొచ్చే ఓక్ కలపకి కొరత. బొంబాయిలోనేమో మలబారు టేకు, తరాలుగా ఓడలు కడుతున్న పార్సీ వాడియాల కుటుంబం. డిజైను కూడా బ్రిటిష్ వాళ్ళ సొంతం కాదండోయ్! 1782లో ఫ్రెంచి వాళ్ళ దగ్గర పట్టుకున్న ఓడని చూసి కాపీ కొట్టిందే. కాపీ పేస్టు మనతోనే మొదలైందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ ప్లాన్లు బొంబాయికి ఏ ఓడలో పంపారో తెలుసా? హెచ్.ఎం.ఎస్. జావాలో. 1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ళ కాన్‌స్టిట్యూషన్ దాన్ని చితక్కొట్టింది. ఓడతో పాటు ప్లాన్లూ పోయాయి. మళ్ళీ కాపీలు తీసి పంపేసరికి కాలం గడిచిపోయింది. 1815లో వాటర్లూ అయిపోయింది, నెపోలియన్‌ని సెయింట్ హెలీనా ద్వీపంలో పెట్టేశారు. 1816లో తీరిగ్గా ఓడ పని మొదలెట్టారు! ఎవరికోసం అని అడక్కండి. శాంక్షనైన ప్రాజెక్టు అంతే, ఆగదు.

కట్టింది జంషెట్జీ బొమన్జీ వాడియా. పార్సీల ఆచారం ప్రకారం ఓడ వెన్నులో వెండి మేకు దిగ్గొట్టి మొదలెట్టారట. 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దింపారు. ఇంగ్లండు వెళ్తూ దారిలో సెయింట్ హెలీనాలో ఆగి ఒక ప్రయాణికుణ్ణి ఎక్కించుకుంది. ఆయన జాన్ స్టోకో, నెపోలియన్‌కి వైద్యం చేసిన సర్జన్. ఎవరితో యుద్ధం చెయ్యాలని ఆర్డరిచ్చారో ఆయన డాక్టరుకి లిఫ్టివ్వడమే ఈ ఓడ మొదటి ఘనకార్యం.

1819 ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్ చేరగానే కొయ్యలు దించేసి, పైన కప్పు వేసి రిజర్వులో పెట్టారు. 1845 దాకా అలాగే ఉంది. అంటే ఇరవై ఆరేళ్ళు బెంచి! ఆ తర్వాత వెనక భాగం కోసేసి కొత్త పద్ధతిలో కట్టి, ఫిరంగులు 26కి తగ్గించి పనిలోకి దింపారు. 1847 నుంచి ఉత్తర అమెరికా, వెస్టిండీస్ వైపు గస్తీ. 1852 నుంచి 1857 దాకా పసిఫిక్. క్రిమియా యుద్ధం రోజుల్లో కూడా అక్కడే ఉంది గానీ పెద్ద పోరాటమేదీ చూడలేదు. అప్పటికే ఆవిరి ఓడల కాలం వచ్చేసింది.

1860 నుంచి శిక్షణ ఓడ. 1897లో తుక్కు కింద అమ్మేశారు. సరిగ్గా అదే ఏడాది వీట్లీ కాబ్ అనే ఆయన సొంత ఓడ ఫూడ్రోయాంట్ బ్లాక్‌పూల్ దగ్గర తుఫానులో బద్దలైంది. అది ఒకప్పుడు నెల్సన్ నడిపిన ఓడ. కాబ్ ఈ తుక్కు ఓడని కొని, పోయిన ఓడ పేరే దీనికి పెట్టుకున్నాడు. అలా ఇంకొకరి పేరుతో 1986 దాకా పిల్లలకి ఓడ పని నేర్పింది. 1987లో హార్టిల్‌పూల్ తెచ్చి పదేళ్ళకి పైగా బాగు చేశారు. 1992లో సొంత పేరు తిరిగొచ్చింది. నీళ్ళమీద తేలుతున్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో ఇప్పుడు ఇదే అన్నిటికంటే పాతది.

రైల్లో ఉండగానే ఇదంతా మా పాత కొలీగ్స్ గ్రూపులో పెట్టాను. ఒకడు వెంటనే "చూశావా బావా, ఇరవై ఆరేళ్ళు ఖాళీగా ఉన్నా దానికీ రోజొచ్చింది, నీకూ వస్తుంది" అని రాశాడు. వాడి మనసు మంచిదే. కానీ నాకు ఒళ్ళు మండింది. ఈ తరగతి ఫ్రిగేట్లు మొత్తం 47 కట్టారు. ఇప్పుడు మిగిలినవి రెండు. రెండోది డండీలో ఉన్న యూనికార్న్, దానికి అసలు తెరచాప కొయ్యలే ఎత్తలేదు, ఒక్కరోజు కూడా సముద్రం మీద డ్యూటీ చెయ్యలేదు. మిగతా 45 చేవలేనివా? ఇదే తరగతి షానన్ 1813లో బోస్టన్ ఎదురుగా చెసపీక్‌ని పావుగంటలోపే పట్టేసింది. అంత పేరున్న ఓడనీ చివరికి విరగ్గొట్టేశారు. మిగిలిన రెంటిని చూసి ఓపిక పట్టమని చెప్పడం తేలిక. పోయినవాటిని ఎవరూ టికెట్టు కొనుక్కుని చూడరు కదా! టేకు గట్టిదే, కాదనను. కాబ్ ఓడ బద్దలవకపోతే ఆ టేకు ఎవరింట్లోనో బల్లలయ్యేది.

ఇదంతా రిప్లైలో రాయలేదు. దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

అసలు సంగతేంటంటే, ఓడలో కింది అంతస్తుకి దిగినప్పుడు ఇవేవీ గుర్తు రాలేదు. తల వంచుకుని నడవాలి. దూలాలు నల్లగా, నున్నగా ఉన్నాయి. అక్కడ పనిచేసే పెద్దాయన ఏ ఊరని అడిగాడు. హైదరాబాద్ అన్నాను. బొంబాయికి దగ్గరేనా అన్నాడు. ఏడొందల కిలోమీటర్లు అన్నాను. ఒక దూలం మీద చెయ్యేసి "ఇది మీ వైపుదే" అన్నాడు. నేనూ చెయ్యేసి కాసేపు అలాగే నిలబడ్డాను.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఓడ గురించి పావుగంట చెప్పాను, వెండి మేకుతో సహా. మా ఆవిడ అంతా విని, "సరే గానీ, మీ గొంతేంటి అలా ఉంది?" అంది. అప్పుడు చెప్పాను.