సిద్ధులగుట్ట మీద ఒక ఉదయం

ఎండాకాలంలో గుట్ట ఎక్కుదామని ఎవరైనా అంటే మనము నవ్వుతాము. నిజామాబాదు జిల్లాలో వేసవి ముదిరితే 42 డిగ్రీలు దాటడం మామూలే. అయినా మొన్నటి ఏప్రిల్ చివరి వారంలో నేను, నా చిన్ననాటి మిత్రుడు కలిసి ఆర్మూరు సిద్ధులగుట్ట ఎక్కాము. పిలిచినది అతడే. "ఇంట్ల గాదురా, గుట్ట మీద మాట్లాడుదాం" అన్నాడు.

మాట్లాడవలసిన సంగతి ఏమిటో నాకు ముందే తెలుసు. అతడు ఆర్మూరు పక్క పల్లెలో మూడెకరాల పసుపు రైతు. ఇక పసుపు మానివేయమని దుబాయిలో ఉన్న కొడుకు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. దాచిన విత్తనమంతా కొంటానని పక్క చేను ఆసామి వచ్చి అడిగాడు. ఆ సాయంత్రానికే జవాబు చెప్పాలి. ఇల్లాలు కూడా నాకు ఫోను చేసి, "అన్నా, నీ మాటైతే ఇంటడు, జర నువ్వన్న చెప్పు" అన్నది. చెప్పాలనే నేను బయలుదేరాను.

తెల్లవారి అయిదున్నరకే గుట్ట కింద ఉన్నాము. పైదాకా బండ్లు వెళ్లే దారి ఉన్నది గాని, మేము మెట్ల దారి పట్టాము. ఇరుపక్కలా ఏనుగులంత బండలు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్లు, తోస్తే పడిపోయేటట్లు ఉంటాయి. పేర్చినవారెవరూ లేరు. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాయి ఇది. నేలలో ఉండగానే బీటలు వారి, బీటల్లోకి నీరు దిగి, అంచులు కుళ్లి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోగా మిగిలిన గుండ్లు ఇవి. నవనాథులనే తొమ్మండుగురు సిద్ధులు ఇక్కడ తపస్సు చేశారనీ, అందుకే ఈ ఊరికి నవనాథపురమని పేరుండేదనీ పెద్దలు చెబుతారు. ఆరు, మూరు కలిస్తే తొమ్మిది గనుక ఆర్మూరు అయిందని కూడా అంటారు. కన్నడంలో మూరు అంటే మూడు. మా మిత్రుడు మాత్రం, "మూడెకరాలోనికి ఆరెకరాల కష్టం, గదే ఆర్మూరు" అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు.

సిద్ధేశ్వరాలయం దాటి ఒక బండ నీడన కూర్చున్నాము. శ్రీనగర్ నుండి కన్యాకుమారికి పోయే 44వ నంబరు రహదారి కింద తాడులాగ కనిపిస్తున్నది. దాని కిరువైపులా పంట తీసిన చేలు. అక్కడక్కడ కళ్లాలలో ఆరబోసిన పసుపు ఎండలో మెరుస్తున్నది.

ఆ పచ్చదనం వెనుక ఎంత పని ఉన్నదో అతడు వేళ్ల మీద లెక్కపెట్టాడు. జూన్‌లో నాటితే తొమ్మిది నెలలు భూమిలోనే ఉండాలి. తవ్వి, కొమ్ము వేరు, గోళ వేరు చేసి, ఉడకబెట్టి, రెండు వారాలు ఆరబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెడితే గాని నిజామాబాదు యార్డుకు పోదు. ఇంత చేసినా ధర చెప్పేది మరొకరు. ఆ బాధతోనే 2019 లోక్‌సభ ఎన్నికలలో ఇక్కడ 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు కావడంతో ఒక్కొక్క పోలింగు కేంద్రంలో పన్నెండు ఓటు యంత్రాలు పెట్టవలసి వచ్చింది. వారు కోరిన పసుపు బోర్డు 2023 అక్టోబరులో ప్రకటింపబడి, 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమయింది.

"బోర్డు వచ్చింది గదరా, ఇంకేం భయం?" అన్నాను.

"వచ్చింది, మంచిదే. గని నా బోరుల నీళ్లు, నా మోకాళ్ల నొప్పి బోర్డు సూస్తదా?" అన్నాడు.

అదే అదనని, నేను చెప్పదలచుకున్న మాట అందుకున్నాను. "అయితే మానెయ్యి. ధర నీ చేతిలో లేనే లేదు గదా."

అతడు చాలాసేపు పలుకలేదు. "ధర ఎన్నడు నా చేతుల ఉండెరా? విత్తనం ఒక్కటే నా చేతులున్నది. ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్ల కొమ్ము గావాలె. ఒక్కసారి ఇంట్లకెల్లి పోయిందంటే, మల్ల కొననీకి అప్పు జేయాలె. మా నాయన కరువుల గూడ విత్తనం అమ్మలే" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మానమని చెప్పడం సులభమే. మానిన తరువాత మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో నేను ఆలోచించనే లేదు. కొంతసేపటికి, "అంతా ఉంచుకోవాలనేమున్నది? నీ ఒళ్లు మోయగలిగినంత ఉంచుకో" అన్నాను. అతడు కిందికి, తన ఊరి వైపు చూస్తూ, "ఒక్క ఎకరం" అన్నాడు. మిగతా రెండింటిలో సోయా, మక్కజొన్న. అక్కడి నుండే ఆసామికి ఫోను చేసి చెప్పాడు.

దిగేసరికి తొమ్మిదిన్నర. రాయి చెప్పుల లోంచి కాలుతున్నది. తెచ్చిన నీళ్లు పైనే అయిపోయాయి. వేసవిలో వెళ్లేవారు మనిషికి రెండు సీసాలు తీసుకొని, ఎనిమిదింటికల్లా దిగడం మంచిది.

ఇంటికి రాగానే ఇల్లాలు మెల్లగా అడిగింది: "చెప్పినవా అన్నా?"

"చెప్పబోయి, విని వచ్చానమ్మా" అన్నాను.

అతడు అప్పటికే చింతచెట్టు కింద విత్తనపు కుప్ప దగ్గరున్నాడు. అలికిన మట్టి ఒక మూల తీసి, ఎండుటాకులు తొలగించి నన్ను పిలిచాడు. కొమ్ముల కొసలలో మొలకలు అప్పుడే తెల్లగా తొంగిచూస్తున్నాయి. ఎకరానికి సరిపడా ఎంచి, మళ్లీ ఆకులు కప్పాడు.