ఎర్ర ఉండల టోపీ వెనక ఓ పేరు

బ్లాక్ ఫారెస్ట్‌లో ఏ షాపుకెళ్లినా ఓ టోపీ బొమ్మ కనిపిస్తుంది. ఫ్రిజ్ మ్యాగ్నెట్ మీద, కప్పు మీద, పోస్ట్‌కార్డు మీద. తెల్లటి గడ్డి టోపీ, పైన ఎర్రటి ఊలు ఉండలు. పేరు బోలెన్‌హూట్. దీని సొంతూరు చూద్దామని గూటాఖ్ వెళ్లాను. ఓఫెన్‌బుర్గ్‌లో రైలెక్కితే కిన్‌జిగ్ నది లోయ వెంబడి హాయిగా సాగే ప్రయాణం.

గూటాఖ్‌లో ఓపెన్ ఎయిర్ మ్యూజియం ఉంది. అందులో 1612లో కట్టిన రైతు ఇల్లు చూసి తీరాలి. మనుషులు, పశువులు, గడ్డివాము అన్నీ ఒకే పెద్ద కప్పు కింద! అక్కడే తెలిసింది, టోపీకి 14 ఉండలుంటాయట, బరువు 2 కిలోల దాకా వస్తుందట. పెళ్లికాని అమ్మాయిలకు ఎర్రవి, పెళ్లయినవాళ్లకు నల్లవి. అసలు సంగతేంటంటే, ఈ టోపీ పెట్టుకునే ఆనవాయితీ గూటాఖ్, కిర్న్‌బాఖ్, రైఖెన్‌బాఖ్ అనే మూడు ఊళ్లదే.

మరి మూడూళ్ల టోపీ అడవి మొత్తానికి గుర్తెలా అయింది? చిత్రకారులు ముందే దీన్ని బొమ్మల్లోకెక్కించారు. గట్టి ముద్ర వేసింది మాత్రం 1950లో వచ్చిన 'ష్వార్ట్స్‌వాల్ట్‌మేడెల్', అంటే బ్లాక్ ఫారెస్ట్ పిల్ల. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో తీసిన తొలి కలర్ సినిమా ఇది. డైరెక్టర్ హాన్స్ డెప్పె. హీరోయిన్ సోన్యా జీమన్ ఆ టోపీ పెట్టుకుని నవ్వుతుంటే జనం విరగబడి చూశారు. కోటి మందికి పైగా! కథ సింపుల్: ఓ చిత్రకారుడు, ఓ అమ్మాయి, ఊరి పండగ, కాస్త అపార్థం, శుభం కార్డు. బాంబులకు కూలిన నగరాల్లో బతుకుతున్నవాళ్లకు పచ్చటి కొండలు చూపిస్తే ఇంకేం కావాలి? ఇలాంటివాటినే హైమాట్ ఫిల్మ్స్ అంటారు. హైమాట్ అంటే సొంతూరు, పుట్టిన నేల.

నాకూ సినిమా నచ్చింది. కానీ దీనికి మూలం 1917లో బెర్లిన్‌లో ఆడిన ఆపరెట్టా అని, దాని సంగీతం లియోన్ యెస్సెల్‌దని తెలిశాక ఆ నవ్వులు వేరేగా వినిపించాయి. యెస్సెల్ యూదు కుటుంబంలో పుట్టాడు. నాజీలు ఆయన సంగీతాన్ని నిషేధించారు. 1941 డిసెంబర్‌లో గెస్టాపో అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టింది. 1942 జనవరి 4న బెర్లిన్‌లో చనిపోయాడు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే దేశం ఆయన పాటలకే చప్పట్లు కొట్టింది.

సినిమాలోని పల్లెలో శిథిలాల్లేవు. మాయమైపోయిన పొరుగింటివాళ్ల ఊసే లేదు. సొంతూరు మీద అంత ప్రేమగా తీసిన సినిమాకి పాటలిచ్చినవాడికి, ఆ దేశంలో బతికే చోటే లేకపోయింది.

మీరెళ్తే టోపీతో ఫొటో దిగండి, తప్పేం లేదు. సినిమా కూడా చూడండి, సరదాగా ఉంటుంది. పాట మొదలైనప్పుడు మాత్రం యెస్సెల్ పేరు ఒక్కసారి తలుచుకోండి.