బ్యాంకాక్‌లో బొప్పాయికాయ పచ్చడి

బ్యాంకాక్ ఎట్టా పోయావని అందరూ అడుగుతున్నారు. మా బావకి ఎరువుల కొట్టు ఉంది. పురుగుమందుల కంపెనీ పెట్టిన టార్గెట్ కొట్టినందుకు రెండు టికెట్లు వచ్చాయి. అక్క రానంది, నేను పోయా. ఆ టార్గెట్లో నా మిరపచేనుకి కొట్టిన డబ్బాలు కూడా ఉన్నాయి, కాబట్టి ఊరికే పోయానని అనుకోవద్దు.

నడికుడిలో రైలెక్కి హైదరాబాదు, అక్కణ్ణించి విమానం. హోటల్లో మనకోసమని పప్పన్నమే పెట్టారు. రెండో రోజు రాత్రి ఇద్దరం యావరాత్ రోడ్డుకి పోయాం. అది అక్కడి చైనా బజారు, రోడ్డు పక్కనంతా తిండి బండ్లే. ఒకచోట వేయించిన మిడతలు కుప్ప పోశారు. మనం మందు కొట్టి చంపేదాన్ని వాళ్లు ఉప్పేసి తింటున్నారు. ఒకటి తిన్నా. అప్పడంలా కరకరలాడింది, కాళ్లు పళ్లలో ఇరుక్కున్నాయి. ఇంకో బండి మీద కోడి కీమాలో తులసాకు వేసి వేయిస్తున్నారు. అమ్మ ఫేస్‌బుక్ చూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అసలు సంగతి సోమ్ తమ్. పుల్లగా దంచిందని అర్థమంట. మట్టిరోలు, చెక్క రోకలి. ఒకామె వెల్లుల్లి, పచ్చిమిరప దంచి, తాటిబెల్లం, అలసందకాయలు, టమాటా, నిమ్మరసం, చేపల్ని ఉప్పులో ఊరేసి తీసిన నీళ్లు, వేయించిన వేరుశనగ గుళ్లు, చివర్న సన్నగా చీరిన పచ్చి బొప్పాయి వేసింది. మిరపకాయలు ఎన్ని అని వేళ్లు చూపించింది. పల్నాటోళ్లం కదా, ఐదువేళ్లూ చూపించా. ఆమె నవ్వి ఐదూ వేసింది.

వాటిని అక్కడ ఎలుక పెంటికల మిరప అంటారు, అంత చిన్నవి. మనం కారం అన్నంలో కలిపి నెయ్యేసుకుంటాం. ఇది పచ్చిది, నిమ్మపులుపుతో సూటిగా పోయి తగిలింది. కళ్లల్లో నీళ్లు, ముక్కులో నీళ్లు. బావ ఫోనులో వీడియో తీస్తానే ఉన్నాడు. చిన్న బుట్టలో పెట్టిచ్చిన జిగురన్నం ముద్దలు చేసుకు తింటే ప్రాణం లేచొచ్చింది.

బల్ల మీద సీసాలో ఎండుకారం ఉంది. గుంటూరు యార్డు నుంచి మన తేజా థాయిలాండుకీ పోతుంది కదా, మూత తీసి వాసన చూశా. "గుంటూరు?" అని అడిగా. ఇంకా కారం కావాలేమో అనుకుని సీసా నా వైపు జరిపింది! కిలో ఎంతకి కొన్నదో అడుగుదామంటే భాష రాదు. నా టిక్కీలు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి.

ప్లేటు 60 బాత్. ఒక్క కాయతో నాలుగు ప్లేట్లు చేసింది, నేను లెక్కపెట్టా. మా గట్టు మీద కాయలు పిట్టలే తింటన్నాయి.

ఇంటికొచ్చాక మా ఇంటామె చేపనీళ్లు మానేసి చింతపండుతో దంచింది. అమ్మ తిని, "దీనికి విమానమెక్కాల్రా?" అంది. మళ్లీ వేయించుకుంది కూడా. గట్టు మీద కాయలింకా ఉన్నాయి, కావాల్సినోళ్లు వచ్చి కోసుకుపోండి.