కొల్లేటి సీమ నుంచి అరకు లోయకు

ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలో పుట్టి పెరిగిన వారికి ఎత్తు అనే మాటకు అర్థం వేరు. మా సీమలో దానిని కాంటూరులలో చెప్పుకుంటారు. ఐదవ కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు. 1999లో ఆ గీత వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను కూల్చివేశారు. ఒక్క అడుగు తేడాతో ఒక ఇంటి జీవనోపాధి నిలవడమూ, పోవడమూ చూసిన వాళ్లం మేము. అటువంటి వాళ్లం ఈ శరత్కాలంలో సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్న అరకు లోయకు కుటుంబ సమేతంగా వెళ్లిరావాలని సంకల్పించాము. ఒకే మదరసాలో బోధించే ముగ్గురి కుటుంబాలు, పసిపిల్లలతో కలిపి పదహారు మందిమి.

ముందుగా తేలవలసినది తేదీ. మదరసా సెలవులు చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. పాఠశాలకు వెళ్లే మా పిల్లల సెలవులు దసరాకు వస్తాయి. చాంద్ర సంవత్సరం ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కు జరుగుతుంది గనుక ఈ రెండూ కలిసే ఏళ్లు కొన్నే. మా అర్ధసంవత్సర పరీక్షల తరువాతి విరామం ఇప్పుడు దసరా సెలవుల దరిదాపులకు వచ్చింది. రెండు మూడేళ్లలో అది వర్షాకాలంలోకి జారిపోతుంది. మళ్లీ ఇదే ఋతువుకు తిరిగి రావడానికి ముప్పై ఏళ్లకు పైగా పడుతుంది. మా అమ్మీకి డెబ్బై ఆరేళ్లు. వచ్చే ఏడు చూద్దామని అనుకోకపోవడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

ఆశ్వయుజం నాటికి నైరుతి వానలు వెనుదిరుగుతాయి. కొండలు పచ్చగా ఉంటాయి, జలపాతాలలో నీరుంటుంది, చలి ఇంకా వృద్ధులను వణికించేంతగా ఉండదు. లోయ నిండా వలిసె పూలు పసుపుపచ్చగా విచ్చుకునేది, కాఫీ పండ్లు ఎర్రబడేది నవంబరు నుంచి. వాటి కోసమే వెళ్లేవారు ఆగవచ్చు. అయితే తుఫానులు వచ్చేదీ ఈ మాసాలలోనే. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. వర్షం ఎక్కువైతే కొండచరియలు విరిగి పట్టాల మీద పడతాయి, రైళ్లు ఆగుతాయి. ఇటు బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరంతా కొల్లేటికే చేరుతుంది. సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. కాబట్టి బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్న వార్త వస్తే ప్రయాణం మానుకోవాలని, టిక్కెట్ల సొమ్ము కొంత పోయినా విచారించరాదని ముందే మాట అనుకున్నాము.

ఇక అసలు చర్చ భోజనం దగ్గర మొదలైంది. హలాల్ విషయంలో నిశ్చింతగా ఉండాలంటే వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని బియ్యం, మసాలాలు, పాత్రలు ఇక్కడి నుంచే తీసుకువెళ్లాలని మాలో ఒక మౌల్వీ సాహెబ్ ప్రతిపాదించారు. ఖర్చు తగ్గుతుంది, సందేహానికి తావుండదు. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. తెర అవతల కూర్చున్న అమ్మీ అంతా విని, "అంత దూరం వచ్చి కూడా పొయ్యి దగ్గరే కూర్చోవాలంటే ఇక్కడి పొయ్యి ఏం పాపం చేసింది బేటా?" అన్నారు. భాభీలు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం అమ్మీ మాటకంటే బరువుగా ఉంది.

నిజానికి పదహారు మందికి మూడు పూటలా వండి, పాత్రలు తోమి, పసివారిని కనిపెట్టుకుని ఉండే స్త్రీకి అరకు అయినా ఏలూరు అయినా ఒకటే. కిటికీలో కనిపించే దృశ్యం మాత్రమే మారుతుంది. మా ఇళ్లలోని స్త్రీలు ఊరు దాటేది పెళ్లిళ్లకూ చావులకూ. అక్కడా పనే. వారికి విశ్రాంతి దొరకని యాత్రను కుటుంబ యాత్ర అనడం మాకు సమంజసంగా తోచలేదు. అందువల్ల పద్దు తిరగరాశాము. అల్పాహారం, మధ్యాహ్న భోజనం శాకాహారంగా హోటల్లోనే. రొట్టెలు, ఖర్జూరాలు, బిస్కట్లు బజారు నుంచి. ఒక్క పూట మాత్రం మగవాళ్లం వండుతాము. అరకులో అందరూ అడిగే బొంగులో చికెన్ సంగతి కూడా అమ్మాయిలు ఎత్తారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద కాల్చే వంట అది, నూనె అక్కరలేదు. బతికిన కోడిని కొని, మేమే జబహ్ చేసి, వండి ఇమ్మని మర్యాదగా అడిగితే చాలు. వారి చేతి వంటను ఈసడించినట్టు కాకుండా అడగడం ముఖ్యం. పెరిగిన ఖర్చుకు అప్పు చేయరాదన్నది మా నియమం. రెండు రాత్రుల బస ఒక రాత్రికి తగ్గించి సరిపెట్టాము.

మార్గం సులువు. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు. తాడేపల్లిగూడెంలోని కుటుంబం అక్కడే ఎక్కేలా, మిగతావారం ఏలూరులో ఎక్కేలా ఉదయపు రత్నాచల్‌కు టిక్కెట్లు తీస్తాము. ఆ రాత్రి విశాఖలో బంధువుల ఇంట. మరునాడు ఫజ్ర్ చదివి కిరండూల్ రైలు ఎక్కాలి. ఈ లైను యాత్రికుల కోసం వేసినది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపడానికి 1960వ దశకంలో కొండలు తొలిచారు. యాభైకి పైగా సొరంగాలు దాటుతూ బండి సుమారు నాలుగు గంటలలో అరకు చేరుతుంది. గతంలో విద్యార్థులతో వెళ్లినప్పుడు, ఒక్కో సొరంగంలో చీకటి కమ్మగానే పిల్లలు కేకలు వేసేవారు. వెలుగు రాగానే అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేవారు. లోయ అంత లోతుగా కనబడుతుంది.

ఏలూరు పొలిమేర దాటినప్పటి నుంచి మేము ముసాఫిర్లమే. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణం, పదిహేను రోజులకు తక్కువ బస గనుక జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతులు రెండవుతాయి. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే పూర్తిగా చదవాలి. జుమా మా ఊళ్లోనే దొరికేలా గురువారానికి తిరిగివస్తాము.

బొర్రా గుహలలో మెట్లు ఎక్కువ. సున్నపు నీరు బొట్టుబొట్టుగా కారి యుగాల తరబడి పేర్చిన రాతి స్తంభాలను చూడాలని అమ్మీకి ఎంత ఆశ ఉన్నా మోకాళ్లు సహకరించవు. అందువల్ల గుహకు వెళ్లేవారు రెండు జట్లుగా వెళ్లాలి. ఒక జట్టు పైన ఆమెతో కూర్చోవాలి. జలపాతాల దగ్గర, చాపరాయి ఏటి బండల మీద నాచు ఉంటుంది. పిల్లల చేయి వదలరాదు.

మరో సంగతి పిల్లలకు ముందుగానే చెబుతున్నాము. అది గిరిజనుల నేల. 1/70 అని జనం పిలిచే చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనరాదు. బొర్రా పరిసరాల గనుల లీజులపై సమత సంస్థ నడిపిన వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు ఆ హక్కునే నిలబెట్టింది. కాంటూరు గీత విలువ తెలిసిన కొల్లేటి పిల్లలకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. అనుమతి లేకుండా ఎవరి ఇంటినీ, ఎవరి ముఖాన్నీ ఫోటో తీయవద్దని, సంతలో అడవి సరుకుకు గీచి గీచి బేరమాడవద్దని చెప్పాము. ప్లాస్టిక్ చెత్త తిరిగి తెచ్చుకోవడానికి రెండు గోనె సంచులు సామానులో చేరాయి.

జాబితా దాదాపు పూర్తయింది. దుప్పట్లు, అమ్మీ మందులు, జానిమాజ్‌లు, టార్చిలైట్లు. గురువారం రాత్రి ఇల్లు చేరిన తరువాత ఆ పూట వంట ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు. అమ్మీ ఆ కాగితం మీద ఆ గడిని ఖాళీగానే ఉంచమన్నారు.