ఆ నీళ్ళకి పైన ఏముంది?

ఫ్లై ఫిషింగ్ అంటే ఈగలతో చేపలు పట్టడమా అని ఈ సెమిస్టర్‌లో నన్ను కనీసం ఏడుగురు అడిగారు. సగం కరెక్టే. కాకపోతే ఆ ఈగ నిజం ఈగ కాదు. చిన్న గాలపు ముల్లుకి దారం, ఈక, కాస్త బొచ్చు చుట్టి పురుగులా తయారుచేస్తారు. అది నీళ్ళ మీద మెల్లగా వాలేలా విసరాలి. నిజం పురుగే అనుకుని చేప పైకొచ్చి నోట పట్టుకుంటుంది. మేం నలుగురం, అందరం సెకండ్ ఇయర్ సీఎస్‌ఈ. ఈ వేసవిలో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదికి వెళ్ళి ఈ పని చెయ్యాలని జనవరి నుంచి ప్లాన్ వేస్తున్నాం. ప్లాన్ అంటే ఒక గూగుల్ షీట్. ట్రెయిన్లు, బస్సులు, ఖర్చులు, సామాన్లు, చేపలు... ఇలా అయిదు ట్యాబ్‌లు. తర్వాత ఆరోది వచ్చింది. అసలు చెప్పాలనుకున్నది దాని గురించే.

నాకీ పిచ్చి మా తాతయ్య నుంచి వచ్చింది. మాది పశ్చిమ గోదావరి. సెలవులకి వెళ్తే ఆయన కాలవ గట్టు మీద వెదురు కర్రకి గాలం కట్టి, వానపామును గుచ్చి, బెండు వైపే చూస్తూ గంటలు కూర్చునేవాడు. బెండు మునిగిందా, లాగడమే. ఫ్లై ఫిషింగ్ దీనికి తిరగేసిన లెక్క. ఈకకి బరువేముంటుంది? విసిరితే రెండడుగులు కూడా పోదు. అందుకే ఇక్కడ బరువంతా తాడులో పెడతారు. రాడ్‌ని వెనక్కి తీసుకెళ్ళి టక్కున ఆపి, తాడు మన వెనకాల గాల్లో పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి కొట్టాలి. ఆ ఒక్క క్షణం ఆగడమే కష్టం. మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్న తొమ్మిదడుగుల రాడ్‌కి ముల్లు బదులు పసుపు ఊలు ముక్క కట్టి రోజూ సాయంత్రం హాస్టల్ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాం. "చేపలు ఎన్నింటికొస్తాయి బాబూ?" అని వాచ్‌మన్ అంకుల్ రోజూ అడుగుతాడు.

తీర్థన్‌లో మేం వెతికే చేప బ్రౌన్ ట్రౌట్. ఇది మన దేశపు చేప కాదు. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో, 1900 ప్రాంతంలో, దీని గుడ్లని ఓడల్లో తెప్పించి కాశ్మీరులో పొదిగించారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి కులూ లోయకి కూడా వచ్చింది. చల్లగా, గలగలా పారే నీళ్ళే దీనికి కావాలి. ప్రవాహానికి ఎదురుగా మూతిపెట్టి, పెద్ద బండ వెనక నీళ్ళు నెమ్మదించే చోట నిలబడుతుంది. కొట్టుకొచ్చే పురుగుల్ని ఉన్నచోటే ఉండి తింటుంది. కాబట్టి మనం దిగువ నుంచి, దాని వెనకగా వెళ్ళాలి. నేను చదివిన ప్రతి పుస్తకం, చూసిన ప్రతి వీడియో చెప్పేది ఒకటే. రాడ్ విప్పకముందు పది నిమిషాలు ఊరికే నీళ్ళు చూడు. ఎక్కడ లోతు, ఎక్కడ సుడి, ఎక్కడ పురుగులు లేస్తున్నాయి అన్నీ నీళ్ళే చెప్తాయి. దీన్నే నదిని చదవడం అంటారు. నాకు బాగా నచ్చిన మాట అది.

డేట్లు కుదర్చడం మాత్రం నిజమైన షెడ్యూలింగ్ ప్రాబ్లమ్. నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. మిగతా రోజుల్లో మత్స్యశాఖ లైసెన్స్ తీసుకుని పట్టుకోవచ్చు. మా పరీక్షలు మే మూడో వారంలో అయిపోతాయి. జూన్ చివరికి రుతుపవనాలు అక్కడికి చేరతాయి. 2023 జూలైలో బియాస్ నది రోడ్లని, ఇళ్ళని ఎలా ఊడ్చేసిందో మనమందరం ఫోన్లలో చూశాం కాబట్టి వర్షాకాలం ఊసే లేదు. మిగిలింది మే చివరి నుంచి జూన్ సగం దాకా. ఎండకి పైన మంచు కరుగుతుంది గనక మధ్యాహ్నానికి నీళ్ళు పెరుగుతాయి, పొద్దున్నే తేటగా ఉంటాయి. అంటే రోజూ తెల్లారే లేవాలి. మా నలుగురిలో ఎయిట్ ఓ క్లాక్ క్లాస్‌కి టైముకి వెళ్ళేవాడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి.

ఇంతా అయ్యాక అమ్మకి ఫోన్ చేశా.

"హిమాచలా? నదా? జూన్‌లోనా?" అంది. మూడు ప్రశ్నలకీ జవాబు తనే చెప్పేసింది. "వద్దు నాన్నా."

ఎందుకో ఈ తెలుగు రాష్ట్రాల్లో ఏ అమ్మనడిగినా చెప్తుంది. 2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్ళిన ఇంజినీరింగ్ విద్యార్థులు సాయంత్రం మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి, బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. చూస్తుండగానే నీళ్ళు చుట్టుముట్టాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన ఒక టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. రోజుల తరబడి వెతుకుతూనే ఉన్నారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. గుర్తున్నది ఒక్కటే. ఆ నెలంతా మా ఇంట్లో టీవీ కట్టలేదు, అమ్మ దాని ముందు నుంచి లేవలేదు. వాళ్ళందరూ ఇప్పుడు నా ఈడు వాళ్ళు. లేదా అప్పటి వాళ్ళ ఈడుకి ఇప్పుడు నేనొచ్చాను.

ఆ రాత్రి మ్యాప్ తెరిచి చూశా. తీర్థన్ వచ్చి బియాస్‌లో కలిసేది ఎక్కడో కాదు, లార్జీ దగ్గరే. మేం చేపలు పడదామనుకున్న నీళ్ళు కిందికి పారి చేరేది ఆ డ్యామ్‌కే. ఢిల్లీ నుంచి మనాలి వెళ్ళే బస్సులో మేం దిగాల్సిన ఊరు ఔట్. మండీ నుంచి ఔట్ వెళ్ళే దారిలోనే థలౌట్.

ఆ పాత వీడియోల కింద ఇప్పటికీ కొందరు "నదిలోకి ఎందుకు దిగాలి?" అని రాస్తుంటారు. చదివితే కడుపు మండింది. నాలుగు నెలలుగా నేను నేర్చుకుంటున్నది నదిని చదవడమే గనక ఒకటి చెప్పగలను. డ్యామ్ కింద నదిని ఎవరూ చదవలేరు. మామూలు నది పెరిగేముందు ఏదో ఒకటి చెప్తుంది. రంగు మారుతుంది, చప్పుడు మారుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి. డ్యామ్ కింద బండలు ఎండలో పొడిగా, నీళ్ళు మోకాలి లోతులో అందంగా ఉంటాయి. తర్వాత ఏం జరుగుతుందో రాసి ఉన్నది నీళ్ళలో కాదు, పైన గేటు దగ్గర ఉన్నవాళ్ళ చేతిలో. వాళ్ళు సైరన్ మోగించి, జనం కదిలేదాకా ఆగితేనే కిందున్నవాళ్ళకి తెలిసేది. ఆ పిల్లలకి చదవడం రాక కాదు, చదవడానికి అక్కడ ఏమీ లేదు.

ఇదంతా అమ్మకి చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "సరే, నువ్వెళ్ళే నీళ్ళకి పైన ఏముంది?"

ఆరో ట్యాబ్ ఆ ప్రశ్నతోనే మొదలైంది. దాని పేరు కూడా "పైన ఏముంది" అనే పెట్టాం. తీర్థన్ గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ కొండల్లోంచి దిగుతుంది. ఆ పార్కుకి యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా ఆ 2014 జూన్‌లోనే. ఆ నది మీద పెద్ద డ్యామ్ లేదు. కానీ పైన మనకి కనపడని చోట మేఘం కురిస్తే అదీ డ్యామ్ లాంటిదే. అందుకే వరుసగా రాసుకున్నాం. బియాస్‌లో ఎక్కడా కాలు పెట్టం, ఫొటోకి కూడా. లోకల్ గైడ్ లేకుండా నది దగ్గరికి పోం. మోకాలు దాటి దిగం, ఎందుకంటే మాలో ఈత వచ్చినవాడు ఒక్కడే, ఆ చలి నీళ్ళలో ఆ ఈత కూడా లెక్కలోకి రాదు. రాగానే ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకుంటాం, అది తడిస్తే బయటికి. పైన కొండల మీద మబ్బు పడితే ఆ రోజు చేపలు లేవు.

తాతయ్యకి కూడా ఫోన్‌లో చదివి వినిపించా. ఆయనకి ముందు ఫ్లై ఫిషింగే నచ్చలేదు. "ఈకకి చేప పడుద్దా?" అన్నాడు. ముళ్ళకి కొక్కెం ఉండదని, చేతులు తడుపుకుని పట్టుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తామని చెప్పా. "వదిలెయ్యడానికి అంత దూరం దేనికిరా!" అని నవ్వాడు. తర్వాత ఆయనే అన్నాడు. "గోదారికి కొత్తనీరు ముందు రంగులో తెలుస్తది. తేట నీళ్ళు కలక బారితే ఇంక ఆలోచించొద్దు, కర్ర వదిలేసి గట్టెక్కెయ్. కర్ర మళ్ళీ కొనుక్కోవచ్చు." దాన్ని అలాగే, ఆయన మాటల్లోనే, ఏడో వరుసలో పెట్టాం. గూగుల్‌లో ఎంత వెతికినా ఇంత సూటిగా చెప్పినవాళ్ళు దొరకలేదు.

అమ్మ ఇంకా "సరే" అనలేదు. "ఆ షీట్ నాకూ పంపు" అంది. ఎడిట్ యాక్సెస్ ఇచ్చా. మర్నాడు చూస్తే ఎనిమిదో వరుస: "మధ్యాహ్నం 3 కల్లా రూముకి వచ్చి ఫోన్ చెయ్యాలి. సిగ్నల్ లేదు అనకూడదు." దాని కింద గైడ్ నంబర్, రూమ్ ఇచ్చేవాళ్ళ నంబర్ రాయమని రెండు ఖాళీ గడులు. వద్దనుకున్న మనిషి గడులు గీయదు కదా, అందుకే ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు బుక్ చేశాం. మూడు కన్ఫర్మ్, ఒకటి వెయిటింగ్ లిస్ట్.

బస్సుల ట్యాబ్‌లో ఒక వరుస చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. మండీకి, ఔట్‌కి మధ్య. మా లెక్క ప్రకారం బస్సు అక్కడికి తెల్లవారుజామున చేరుతుంది, అందరూ నిద్రపోయే టైము. మొన్న రాత్రి మా రూమ్మేట్ అందులో ఒక్క ముక్క రాశాడు. "థలౌట్. అందరం లేచి ఉండాలి."