తప్పు ఖాతా సంఖ్య

మోసపోయినవాణ్ణి అత్యాశపరుడని తేలిగ్గా అనేస్తుంటాం. ఆదాయపు పన్ను పేరిట వచ్చే బూటకపు సందేశాలను గమనించాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది.

2023లో దేశమంతటా తిరిగిన ఒక సందేశాన్నే తీసుకోండి. మీకు 15,490 రూపాయల రిఫండు మంజూరైంది, ఫలానా ఖాతాలో జమ అవుతుంది, ఆ సంఖ్య సరికాకపోతే ఈ లింకులో సరిదిద్దుకోండి అన్నది దాని సారాంశం. అందులోని ఖాతా సంఖ్య మనది కాదు. గాలం అక్కడే ఉంది. చదివినవారికి ఆశకంటే ముందు ఆందోళన పుడుతుంది: తన కష్టార్జితం, హలాల్ సొమ్ము, పరాయివాడి ఖాతాలో పడిపోతుందేమోనని. ఆ కంగారులో లింకు తెరుస్తారు.

మా మామూ విశ్రాంత ఉపాధ్యాయులు. పింఛనులో కోతపడిన పన్ను తిరిగి వస్తుందని ఎదురుచూస్తున్న రోజుల్లోనే వారికి అటువంటి సందేశం వచ్చింది. కార్డు వివరాలు, ఓటీపీ ఇచ్చారు. నలభై వేలు పోయాయి. మూడు రోజులపాటు ముమానీకి కూడా చెప్పలేదు. "ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్పినవాణ్ణి బేటా, ఏ ముఖంతో చెప్పను?" అన్నారు నాతో.

నిజానికి పన్ను శాఖ పిన్, ఓటీపీ, కార్డు వివరాలు అడగదు. రిఫండు మనం శాఖ పోర్టల్‌లో ముందే ధ్రువీకరించుకున్న ఖాతాకే వస్తుంది. ఖాతా మార్చాలంటే మనమే ఆ పోర్టల్‌లోకి వెళ్ళి మార్చుకోవాలి. నోటీసు వచ్చిందంటారా, 2019 అక్టోబరు 1 నుంచి శాఖ జారీచేసే పత్రాలకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటోంది. అది అసలుదో కాదో అదే పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు.

వార్త వస్తే నిర్ధారించుకోమని సూరా అల్ హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తుంది. బనూ ముస్తలిఖ్ తెగవారు జకాత్ ఇవ్వ నిరాకరించారన్న తప్పుడు వార్త సందర్భంలో అది అవతరించిందని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. పన్ను సందేశం చూసినప్పుడల్లా నాకు ఆ జకాత్ ప్రస్తావన గుర్తొస్తుంది.

అయితే మన ఇళ్ళలో మరో లోపం ఉంది. నష్టపోయినవారిని ముందు మందలిస్తాం, తరువాతే ఆదుకుంటాం. అందుకే పెద్దలు దాచుకుంటారు. సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు వెంటనే ఫోన్ చేస్తే, సొమ్ము దాటిపోకముందే బ్యాంకులు దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది. మామూ నాలుగో రోజున ఫిర్యాదు చేశారు. అప్పటికే అది చేతులు మారిపోయింది.